తొడిమలు తీసింది ఎవరు?

ఇంగ్లిష్ సందేహాలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చోట చిక్కుకున్నాయి. క్రియ చివర 'ఇంగ్' వచ్చినప్పుడు దాని ముందు 'బై', 'ఇన్', 'ఆఫ్టర్', 'ఫ్రమ్' లాంటి మాట ఒకటి ఉండాలా, అక్కర్లేదా? బడిలో వీటిని ప్రిపొజిషన్లు అని నేర్చుకున్నాం, ఇక్కడా అలాగే అందాం. పేజీ మొత్తం దీనికే కేటాయించాను. స్పెల్లింగుల గురించి, ఉచ్చారణ గురించి అడిగినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

*

ప్రశ్న: మాస్టారూ, నేను గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థలో ఇంగ్లిష్ ఉత్తరాలు రాస్తుంటాను. 'రిమూవింగ్ ది స్టెమ్స్, ది చిల్లీస్ ఆర్ ప్యాక్డ్ ఇన్ జ్యూట్ బ్యాగ్స్' అని రాశాను. మా యజమాని మొదట 'రిమూవింగ్' ముందు 'బై' చేర్చారు, తర్వాత అది కొట్టేసి 'ఆఫ్టర్' పెట్టారు. అసలు ఏమీ లేకుండా నేను రాసింది తప్పా?
(అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: మీ యజమాని 'బై' కొట్టేసి మంచి పని చేశారు. 'ఆఫ్టర్' పెట్టడమూ మంచిదే. ఆ వాక్యంలో ఇంకో చిక్కు మిగిలే ఉంది కానీ, ముందు ఇది తేల్చుకుందాం.

మీరు మనసులో అనుకున్న తెలుగు వాక్యం 'తొడిమలు తీసి కాయలు సంచుల్లో నింపుతాం' అయి ఉంటుంది. మిర్చి యార్డులో ఎవరిని అడిగినా అలాగే చెబుతారు. ఈ 'తీసి', 'చేసి', 'వెళ్లి' అనే రూపాన్ని వ్యాకరణంలో క్త్వార్థకం అంటారు. అది చాలా బరువు మోస్తుంది. 'అన్నం తిని వచ్చాడు' అంటే ముందు ఒక పని, తర్వాత ఇంకో పని. 'అప్పు చేసి ఇల్లు కట్టాడు' అంటే ఇల్లు ఎలా కట్టాడో చెబుతున్నాం. 'ఎండలో తిరిగి జ్వరం తెచ్చుకున్నాడు' అంటే జ్వరం ఎందుకు వచ్చిందో చెబుతున్నాం. ఎప్పుడు, ఎలా, ఎందుకు అనే మూడింటికీ మనకు ఒకే రూపం సరిపోతుంది. వినేవాడు సందర్భాన్ని బట్టి గ్రహించుకుంటాడు.

ఇంగ్లిష్‌లో ఆ మూడింటినీ విడదీసి చెప్పే బాధ్యత చాలావరకు ప్రిపొజిషన్‌ది. ఎప్పుడు అన్న ప్రశ్నకు 'ఆఫ్టర్', 'బిఫోర్', 'ఆన్' జవాబిస్తాయి. ఎలా అన్న ప్రశ్నకు 'బై' జవాబిస్తుంది. సంచులు ఎలా నింపుతారు అని మిమ్మల్ని అడిగితే 'తొడిమలు తీయడం ద్వారా' అని చెబుతారా? చెప్పరు. తొడిమలు తీయడం సంచులు నింపే పద్ధతి కాదు, అంతకు ముందు జరిగే పని. అందుకే అక్కడ 'బై' పొసగదు. 'వి రెడ్యూస్ ది వెయిట్ బై రిమూవింగ్ ది స్టెమ్స్' అనండి, చక్కగా పొసగుతుంది. బరువు తగ్గింది తొడిమలు తీయడం ద్వారానే కదా.

మరి ముందు ఏమీ పెట్టకపోతే? అప్పుడు 'ఇంగ్' చెప్పేది ఒక్కటే, రెండు పనులూ పక్కపక్కన ఉన్నాయని. మన 'చేస్తూ' అనే రూపానికి అది దగ్గర చుట్టం. 'సింగింగ్ ఎ సాంగ్, షి స్వెప్ట్ ది ఫ్లోర్' అంటే పాడుతూ ఊడ్చింది. ఒక పని అవుతూనే రెండోది మొదలైనా ఈ రూపం చెల్లుతుంది. వ్యాపారి గోతం మూతి విప్పి గుప్పెడు కాయలు తీసి చూశాడనుకోండి, 'ఓపెనింగ్ ది బ్యాగ్, హి టుక్ ఔట్ ఎ హ్యాండ్‌ఫుల్' అని రాయవచ్చు. కారణం చెప్పడానికి కూడా వాడతారు, ముఖ్యంగా తెలియడం, ఉండడం, అనుకోవడం లాంటి క్రియలతో. 'నాట్ నోయింగ్ ది రేట్, హి వెయిటెడ్' అంటే ధర తెలియక ఆగాడని.

మధ్యలో గంటలు గడిచే పనులకు మాత్రం ఆ ఒంటరి 'ఇంగ్' చాలదు. తొడిమలు తీయడం ఆడవాళ్లు వరుసగా కూర్చుని పొద్దస్తమానం చేసే పని. తాలు కాయలు ఏరి పక్కన పెట్టాలి, తర్వాత కాటా వేయాలి, ఆ తర్వాత కదా టిక్కీ, అంటే మిర్చి మూట, కట్టేది. అంత వ్యవధి ఉందని పాఠకుడికి తెలియాలంటే 'ఆఫ్టర్ రిమూవింగ్' కావాలి, లేదా 'హ్యావింగ్ రిమూవ్డ్' కావాలి.

ఇప్పుడు మిగిలిన చిక్కు. 'ఆఫ్టర్ రిమూవింగ్ ది స్టెమ్స్, ది చిల్లీస్ ఆర్ ప్యాక్డ్' అన్నప్పుడు తొడిమలు తీసింది ఎవరు? వాక్యం ప్రకారం మిరపకాయలే. 'ఇంగ్' రూపానికి తనదంటూ కర్త లేనప్పుడు అది కామా తర్వాత వచ్చే కర్తను అరువు తెచ్చుకుంటుంది. ముందు ప్రిపొజిషన్ చేర్చినంత మాత్రాన ఈ అరువు తప్పదు. కొనేవాడికి అర్థం కాదని నేననను, అర్థమవుతుంది, సరుకూ వెనక్కి రాదు. కానీ సరిచేయడం ఇంత తేలికైనప్పుడు వదిలేయడం ఎందుకు? 'ఆఫ్టర్ ది స్టెమ్స్ ఆర్ రిమూవ్డ్' అని మొదలుపెట్టండి. లేదా 'వి రిమూవ్ ది స్టెమ్స్ అండ్ ప్యాక్ ది చిల్లీస్' అని సూటిగా చెప్పేయండి. నాకు రెండోదే ఇష్టం. వ్యాపార ఉత్తరాల్లో 'వి' అనడానికి మనవాళ్లకు ఎందుకో అంత మొహమాటం.

'యూజింగ్' అనే మాటకు మాత్రం లోకం మినహాయింపు ఇచ్చింది. 'ది మాయిశ్చర్ వాజ్ మెజర్డ్ యూజింగ్ ఎ మీటర్' అన్నప్పుడు తేమ తనంతట తాను మీటరు వాడుకుందా అని ఎవరూ నిలదీయరు. శాస్త్ర వ్యాసాల్లో, పరీక్ష నివేదికల్లో ఇది నిత్యం కనిపిస్తుంది. 'బై యూజింగ్' అన్నా తప్పు లేదు. 'విత్ ఎ మీటర్' అంటే ఈ గొడవే ఉండదు.

*

ప్రశ్న: 'వాకింగ్ ఆన్ ది బ్యారేజ్, ఇట్ స్టార్టెడ్ రెయినింగ్' అని వ్యాసంలో రాస్తే మార్కులు తగ్గించారు. ముందు 'వైల్' పెట్టి ఉంటే సరిపోయేదని మా స్నేహితురాలు అంటోంది. నిజమేనా మాస్టారూ?
(డిగ్రీ విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: లేదమ్మా. 'వైల్' పెట్టినా వానే బ్యారేజీ మీద నడుస్తుంది.

దీనికి మంచి కొలబద్ద నీ తెలుగులోనే ఉంది. 'ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ వాన మొదలైంది' అని నువ్వు ఎప్పుడూ అనవు. 'నేను నడుస్తుండగా వాన మొదలైంది' అంటావు. నడిచేది నువ్వు, మొదలైంది వాన. కర్తలు వేరయ్యేసరికి ఎవరూ చెప్పకుండానే నీ నోట 'తూ' పోయి 'తుండగా' వచ్చింది. ఇంగ్లిష్‌లో పెట్టే ముందు ఆ వాక్యాన్ని ఒకసారి తెలుగులో అనుకో. 'తూ' పలికిందా, 'ఇంగ్'తో ధైర్యంగా మొదలుపెట్టు: 'వాకింగ్ ఆన్ ది బ్యారేజ్, ఐ కౌంటెడ్ ది గేట్స్'. ముందు 'వైల్' పెట్టినా, పెట్టకపోయినా ఇది ఒప్పే. 'తుండగా' పలికిందా, కర్తను బయటికి తీసుకురా: 'యాజ్ ఐ వాజ్ వాకింగ్ ఆన్ ది బ్యారేజ్, ఇట్ స్టార్టెడ్ రెయినింగ్'.

అయితే 'చేసి' దగ్గర మాత్రం తెలుగు చెవిని పూర్తిగా నమ్ముకోకు. సంస్కృతంలో పాణిని 'సమానకర్తృకయోః పూర్వకాలే' అని కట్టుదిట్టం చేశాడు. రెండు పనులకూ కర్త ఒకరే కావాలి, ఈ రూపంలో చెప్పిన పని ముందు జరిగి ఉండాలి అని దాని భావం. తెలుగు అంత పట్టింపు పెట్టుకోలేదు. 'వానలు కురిసి చెరువులు నిండాయి' అంటాం. 'లారీ బోల్తా పడి మిర్చి రోడ్డు పాలైంది' అని పత్రికల్లో చదువుతాం. కురిసినవి వానలు, నిండినవి చెరువులు. ఒకటి కారణం, రెండోది దాని ఫలితం అయినప్పుడు కర్తలు వేరైనా మనకు చెల్లిపోతుంది. ఆ అలవాటు కొద్దీ 'ఓవర్‌టర్నింగ్ ఆన్ ది హైవే, ది చిల్లీస్ స్పిల్డ్' అని రాసేస్తాం. అక్కడ బోల్తా పడింది లారీ కాదు, మిరపకాయలు. 'వెన్ ది లారీ ఓవర్‌టర్న్డ్' అని లారీని దాని చోట నిలబెట్టాలి.

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు ఇందులో జారరని అనుకోకు. షేక్‌స్పియర్ 'హామ్లెట్' మొదటి అంకంలో చనిపోయిన రాజు దయ్యమై వచ్చి కొడుకుతో మాట్లాడతాడు. తోటలో నిద్రపోతూ పాము నన్ను కరిచిందని లోకాన్ని నమ్మించారు అనే ధోరణిలో ఆ మాట ఉంటుంది. వ్యాకరణం లెక్కన నిద్రపోయింది పామే. రాజుగారి దయ్యానికి మార్కులు తగ్గించేవాళ్లు లేరు. నీకు ఉన్నారు.

*

ప్రశ్న: మా అబ్బాయి సెలవు చీటీలో 'సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, కైండ్లీ గ్రాంట్ మి లీవ్' అని రాసుకెళ్తే వాళ్ల హెడ్మాస్టరు గారు చదివి నవ్వారట. ఎందుకు నవ్వారో వాడికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.
(ఒక తల్లి, మంగళగిరి)

జవాబు: జ్వరం వచ్చింది హెడ్మాస్టరు గారికి అయింది కనుక. 'గ్రాంట్' అని కోరేటప్పుడు ఆ పని చేయాల్సింది ఎదుటివారు. కాబట్టి ముందున్న 'సఫరింగ్' కూడా వారి ఖాతాలోకే పోతుంది. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని రాయించండి. పెద్దమనిషి కోప్పడకుండా నవ్వారు, సంతోషం.

మీ అబ్బాయికి ఇంకొకటి కూడా చెప్పండి. ఊరెళ్లేవాళ్లకు మనం 'గుంటూరు చేరగానే ఫోన్ చెయ్యి' అంటాం. దాన్ని 'రీచింగ్ గుంటూర్, కాల్ మి' అని సందేశం పంపేవాళ్లు ఉన్నారు. ఇక్కడ కర్తకు లోటు లేదు, చేరేదీ ఫోన్ చేసేదీ ఒకరే. లోపించింది 'గానే'. అది చెప్పాలంటే 'ఆన్ రీచింగ్' కావాలి. అది కాస్త దర్జాగా ఉంటుంది. ఇంట్లో మాటకు 'వెన్ యు రీచ్' చాలు.

*

ప్రశ్న: ఏలూరు రోడ్డులో కొన్న పోటీ పరీక్షల గైడులో 'బిజీ', 'స్పెండ్', 'డిఫికల్టీ' మాటల తర్వాత 'ఇంగ్' వస్తే 'ఇన్' తప్పనిసరి అని ఉంది. కోచింగ్‌లో 'ఇన్' పెడితేనే తప్పు అన్నారు. ఎవరి మాట నమ్మాలి?
(బ్యాంకు పరీక్షలకు చదువుతున్న యువకుడు, గవర్నర్‌పేట, విజయవాడ)

జవాబు: మూడింటినీ ఒకే గాటన కట్టారు, అందుకే ఇద్దరూ తప్పారు.

'బిజీ' తర్వాత 'ఇన్' వద్దు. 'షి ఈజ్ బిజీ కుకింగ్' అంతే. క్రియ కాక వస్తువో విషయమో వస్తే 'విత్' పెట్టండి: 'బిజీ విత్ ది అకౌంట్స్'. 'బిజీ ఇన్ కుకింగ్' మన దేశంలో బాగా వినిపిస్తుంది, పరీక్షలో మాత్రం తప్పుల జాబితాలో ఉంటుంది.

'స్పెండ్', 'డిఫికల్టీ' సంగతి వేరు. ఒకప్పుడు 'ఇన్' బాగానే వాడేవారు, ఇప్పుడు ఎక్కువగా వదిలేస్తున్నారు. 'ఐ స్పెంట్ ది మార్నింగ్ వెయిటింగ్', 'హి హ్యాడ్ డిఫికల్టీ బ్రీదింగ్' అనేవే నేటి వాడుక. 'ఇన్' ఉంచితే తప్పు కాదు, కొంచెం పాతకాలపు గాంభీర్యం వస్తుంది. 'దేర్ ఈజ్ నో పాయింట్ ఇన్ వెయిటింగ్' కూడా ఇంతే, ఉంచినా సరే, తీసినా సరే. 'ఇట్ ఈజ్ నో యూజ్ వెయిటింగ్' దగ్గర మాత్రం పెట్టవద్దు.

'సక్సీడ్ ఇన్', 'ఇన్సిస్ట్ ఆన్', 'థింక్ ఆఫ్' జోలికి వెళ్లకండి. అక్కడ ప్రిపొజిషన్ తీస్తే వాక్యం కుంటుతుంది. ఏది వదలవచ్చో, ఏది వదలకూడదో తేల్చే సూత్రం ఒకటి చెప్పమని అడుగుతారేమో, అలాంటిది లేదు. ప్రతి మాటనూ దాని తోకతో సహా నేర్చుకోవాల్సిందే. సూత్రాలు అమ్మేవాళ్ల దగ్గర జేబు జాగ్రత్త.

*

ప్రశ్న: ప్రిపొజిషన్ తర్వాత వచ్చే 'ఇంగ్' రూపాన్ని జెరండ్ అనాలా, పార్టిసిపుల్ అనాలా? పదో తరగతి పిల్లలకు ఏమని చెప్పమంటారు గురువుగారూ?
(ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: పరీక్ష కోసమైతే మీరు చెబుతున్నట్టే చెప్పండి అమ్మా. 'బై సింగింగ్' లో ఉన్నది జెరండ్, అంటే పాడడం అనే నామవాచకం లాంటిది. ముందు ఏమీ లేని 'సింగింగ్, షి స్వెప్ట్' లో ఉన్నది పార్టిసిపుల్, అంటే పాడుతూ. 'వైల్', 'వెన్' తర్వాత వచ్చేది కూడా పార్టిసిపులే, ఎందుకంటే అవి ప్రిపొజిషన్లు కావు, వాక్యాలను కలిపే మాటలు. 'ఆఫ్టర్', 'బిఫోర్', 'సిన్స్' రెండు వేషాలూ వేస్తాయి.

పరీక్ష దాటాక ఈ గీత అంత గట్టిగా నిలవదు. 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ బృహద్వ్యాకరణంలో హడిల్‌స్టన్, పుల్లమ్ ఈ రెండు పేర్లనూ కలిపి 'జెరండ్-పార్టిసిపుల్' అని ఒకే రూపంగా లెక్కించారు. రూపంలో తేడా ఎక్కడా లేనప్పుడు రెండు పేర్లెందుకు అన్నది వాళ్ల వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది. పేరు తెలిసిన పిల్లవాడి కంటే మిరపకాయల చేత తొడిమలు తీయించని పిల్లవాడు నయం.

మీ తరగతికి పనికొచ్చే విషయం ఇంకొకటి ఉంది. కొన్ని 'ఇంగ్' రూపాలు వాడగా వాడగా తామే ప్రిపొజిషన్లయి కూర్చున్నాయి. 'డ్యూరింగ్' అలాంటిదే. నిలిచి ఉండడం అనే అర్థంలో 'డ్యూర్' అనే క్రియ ఒకప్పుడు ఉండేది, అది వాడుకలోంచి పోయింది, దాని పిల్ల మిగిలింది. 'కన్సిడరింగ్', 'రిగార్డింగ్', 'కన్సర్నింగ్' కూడా ఆ బాటలోనివే. వీటిని కర్త ఎవరని అడగనక్కర్లేదు. 'కన్సిడరింగ్ ది హీట్, ది క్రౌడ్ వాజ్ గుడ్' ఒప్పే. ఎండను లెక్కలోకి తీసుకున్నది జనమా అని ఎవరూ అడగరు.

పిల్లలు నమ్మకపోతే ద్వితీయా విభక్తి అప్పజెప్పమనండి. 'నిన్, నున్, లన్, కూర్చి, గురించి' అంటారు. 'గురించి' ఎక్కడి నుంచి వచ్చింది? గురిపెట్టడం అనే అర్థమున్న 'గురించు' క్రియకు క్త్వార్థకం. 'దాన్ని బట్టి' అనడంలో ఉన్న 'బట్టి' నిన్నటి 'పట్టి'. మన దగ్గరా క్రియలు ఇలాగే ఉద్యోగం మారాయి.

*

ప్రశ్న: 'గోయింగ్ ఫర్ షాపింగ్' తప్పని మా కోడలు అంటోంది. 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు' కూడా తప్పేనట. ఇంత తప్పుపట్టాలా?
(విశ్రాంత ఉద్యోగి, పటమట, విజయవాడ)

జవాబు: మీ కోడలి మాటే రైటు. 'గో షాపింగ్', 'గో స్విమ్మింగ్' అంటారు, మధ్యలో 'ఫర్' వద్దు. 'గో ఫర్ ఎ వాక్' లో 'ఎ వాక్' నామవాచకం కనుక అక్కడ 'ఫర్' ఉంది. రెండోదానిలో ఆ 'టు' ప్రిపొజిషన్, కాబట్టి దాని వెనక 'ఇంగ్' రావాలి: 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు'.

*

ప్రశ్న: రాత్రి డ్యూటీ దిగుతూ రిజిస్టర్‌లో 'కీప్ ది పేషెంట్ ఫ్రమ్ వాకింగ్' అని రాశాను. తర్వాత డ్యూటీకి వచ్చిన అమ్మాయి 'ఫ్రమ్' అనవసరం, 'స్టాప్' తర్వాత వదిలేస్తారు కదా అంది. వదిలేయవచ్చా?
(నర్సు, సూర్యారావుపేట, విజయవాడ)

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నేను వెంటనే జవాబు పంపింది మీకే. వదలకూడదు తల్లీ, ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు.

'స్టాప్', 'ప్రివెంట్' తర్వాత 'ఫ్రమ్' వదిలేసే అలవాటు బ్రిటిష్ ఇంగ్లిష్‌లో ఉంది. 'స్టాప్ హిమ్ వాకింగ్' అన్నా 'స్టాప్ హిమ్ ఫ్రమ్ వాకింగ్' అన్నా ఒకటే, నడవనివ్వకండి అని. అమెరికా వాళ్లు మామూలుగా 'ఫ్రమ్' ఉంచుతారు. ఆ అమ్మాయి దీన్ని ఎక్కడో విని 'కీప్'కి కూడా అంటించింది. 'కీప్' అలా లొంగదు. 'కీప్ ది పేషెంట్ ఫ్రమ్ వాకింగ్' అంటే రోగిని నడవనివ్వకండి. 'కీప్ ది పేషెంట్ వాకింగ్' అంటే రోగిని ఆపకుండా నడిపిస్తూనే ఉండండి. కాలికి ఆపరేషన్ అయిన మనిషి విషయంలో ఒక్క మాట జారిపోతే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

కారణం కూడా పెద్ద రహస్యమేమీ కాదు. ఒంటరి 'ఇంగ్' పని సాగుతోందని చెబుతుంది, 'కీప్' దాన్ని అలాగే సాగనిమ్మంటుంది. 'ఫ్రమ్' వచ్చిందంటే మనిషిని ఆ పనికి ఎడంగా పెట్టమని అర్థం. 'స్టాప్', 'ప్రివెంట్' లాంటి క్రియల్లోనే అడ్డుకోవడం ఉంది కాబట్టి అక్కడ 'ఫ్రమ్' లేకపోయినా నష్టం లేదు. 'కీప్'లో అది లేదు. 'డిస్కరేజ్', 'ప్రొహిబిట్' కూడా అడ్డుకునే మాటలే, అయినా వాటి తర్వాత 'ఫ్రమ్' ఉంచడమే పద్ధతి.

మీరు రాసింది నూటికి నూరుపాళ్లు ఒప్పు. అయినా నిద్రమత్తులో రాసేదీ నిద్రమత్తులో చదివేదీ అయిన రిజిస్టర్‌లో ఆ వాక్యం వద్దు. 'డు నాట్ లెట్ ది పేషెంట్ వాక్' అని రాయండి. దాని కింద తెలుగులో 'నడవనివ్వకండి' అని కూడా రాయండి.